కారులో పోర్టబుల్ స్క్రీన్‌కు నమ్మకమైన పవర్ ఎక్కడి నుంచి తీసుకోవాలి?

పాతకారు_హైదరాబాద్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను 2015 నాటి హ్యాచ్‌బ్యాక్ నడుపుతున్నాను. అందులోని స్టీరియో బాగానే పనిచేస్తున్నందున దాన్ని విప్పించడం ఇష్టం లేక, డ్యాష్‌బోర్డు మీద అంటించుకొనే తొమ్మిది అంగుళాల పోర్టబుల్ స్క్రీన్ కొని ఆండ్రాయిడ్ ఆటో (ఫోనులోని మ్యాపు, పాటలను కారు తెర మీద చూపే గూగుల్ ఏర్పాటు) కోసం వాడుకుంటున్నాను. దానితో వచ్చిన లైటర్ ప్లగ్ కొంతకాలానికి వదులైపోవడంతో, 65 వాట్లు అని రాసి ఉన్న రెండు పోర్టుల చార్జరును, మూడు మీటర్ల కేబులును విడిగా తీసుకున్నాను. అప్పటి నుంచి స్క్రీన్ ఉన్నట్టుండి ఆరిపోయి, మళ్లీ మొదటి నుంచి ఆన్ అవుతోంది. రాత్రిపూట ఈ బాధ దాదాపు లేదు. మధ్యాహ్నం విజయవాడ హైవే మీద మ్యాపు, పాటలు రెండూ నడుస్తున్నప్పుడు మాత్రం తరచుగా జరుగుతోంది. పక్క సీటులోని వారు రెండో పోర్టుకు తమ ఫోను తగిలించిన క్షణంలోనూ అంతే. పైగా చార్జరులోని టైప్-సి పోర్టు నుంచి, రెండు కొసలా టైప్-సి ఉన్న కేబులుతో ఇస్తే స్క్రీన్ అసలు వెలగడమే లేదు. మామూలు యూఎస్‌బీ పోర్టు నుంచి ఇస్తేనే వెలుగుతోంది.

స్క్రీన్ వెనుక 5 వోల్టులు, 3 ఆంపియర్లు అని ఉంది. 15 వాట్లు అడిగే దానికి 65 వాట్ల చార్జరు ఎందుకు చాలడం లేదో నాకు బోధపడలేదు. ఇంకా పెద్ద చార్జరు కొనాలా, పవర్ బ్యాంకు మీద నడపాలా, లేక ఫ్యూజ్ బాక్సు నుంచి వైరు లాగించాలా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

రిపేరు_బల్ల

మీరు రాసిన వివరాల్లోనే సగం జవాబు ఉందండీ. రాత్రి ఆగకుండా నడిచి మధ్యాహ్నం ఆగిపోతోందంటే, ఎండలో స్క్రీన్ వెలుతురును పూర్తిగా పెంచుకొని ఎక్కువ కరెంటు లాగుతున్నప్పుడే దానికి వోల్టేజీ అందడం లేదని అర్థం. వేడి వల్ల కూడా కొన్ని స్క్రీన్లు ఆగుతాయి గానీ, ఫోను తగిలించగానే ఆగడం వేడి పని కాదు.

చార్జరు మీది 65 వాట్ల అంకె మీ స్క్రీన్‌కు ఏమాత్రం సంబంధించినది కాదు. అంత పవర్ సాధారణంగా 20 వోల్టుల దగ్గర, అవతలి పరికరం పీడీ (పవర్ డెలివరీ, అంటే చార్జరుతో మాట్లాడి వోల్టేజీ ఎంచుకొనే యూఎస్‌బీ పద్ధతి) ద్వారా అడిగినప్పుడు మాత్రమే వస్తుంది. 5 వోల్టులు తీసుకొనే పరికరానికి చాలా చార్జర్లు ఇచ్చేది గరిష్ఠంగా 3 ఆంపియర్లే. అందువల్ల కొనేటప్పుడు పెట్టె మీది పెద్ద అంకెను వదిలి, చిన్న అక్షరాల్లో 5 వోల్టుల పక్కన ఎన్ని ఆంపియర్లు రాశారో చూడాలి. అలాగే అన్ని స్క్రీన్లూ 5 వోల్టులవి కావు. 12 వోల్టులను నేరుగా తీసుకొనేవి కూడా ఉన్నాయి కాబట్టి మీలాగే అందరూ ముందు వెనుక వైపు చదవడం మంచిది.

నా అనుమానం చార్జరు కంటే కేబులు మీదే ఎక్కువ. సన్నని కేబుళ్లలో తరచుగా వాడే 28 గేజ్ (ఈ అంకె పెరిగిన కొద్దీ తీగ సన్నబడుతుంది) రాగి తీగకు మీటరుకు సుమారు 0.21 ఓములు నిరోధం ఉంటుంది. కరెంటు వెళ్లడానికి ఒక తీగ, తిరిగి రావడానికి ఒక తీగ కావాలి కనుక రెండు మీటర్ల కేబులు అంటే నాలుగు మీటర్ల తీగ. దానిలో ఒకటిన్నర ఆంపియర్లు పారితే దారిలోనే దాదాపు 1.3 వోల్టులు పోతాయి. 24 గేజ్ తీగ అయినా మూడు మీటర్ల కేబులులో ముప్పావు వోల్టు పోతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, వోల్టేజీ తగ్గిన కొద్దీ స్క్రీన్‌లోని సర్క్యూట్ అదే పవర్ కోసం మరింత కరెంటు లాగుతుంది, దాంతో కేబులులో నష్టం ఇంకా పెరుగుతుంది. 20 గేజ్ తీగ అయితే మీటరుకు 0.033 ఓములే కాబట్టి, ఒకటిన్నర మీటర్ల పొడవులో నష్టం లెక్కలోకి రాదు.

ఫోను తగిలించినప్పుడు ఆగడం వేరే సంగతి. రెండు పోర్టులకు కలిపి ఒకే మొత్తం పవర్ ఉన్న చాలా చార్జర్లలో, రెండో పోర్టులో ఏదైనా పెట్టగానే చార్జరు రెండింటికీ పంపకం మళ్లీ లెక్క వేసుకోవడానికి ఒక్క క్షణం సరఫరా ఆపుతుంది. ఫోనులో బ్యాటరీ ఉంటుంది కనుక దానికి పట్టింపు లేదు, స్క్రీన్‌లో లేదు కనుక ఆరిపోతుంది. స్క్రీన్‌కు ఒక చార్జరు, ఫోనుకు మరొక చార్జరు పెట్టడమే దీనికి చవకైన మార్గం.

రెండు కొసలా టైప్-సి ఉంటే వెలగకపోవడానికి కారణం స్క్రీన్ తయారీలోనే ఉంది. టైప్-సి చార్జరు, అవతల 5.1 కిలో ఓముల నిరోధకం కనిపిస్తేనే వోల్టేజీ వదులుతుంది. కొన్ని పైసలు విలువ చేసే ఆ నిరోధకాలను చవక స్క్రీన్లలో అమర్చకుండా వదిలేస్తున్నారు. చార్జరు ఎంత మంచిదైనా దీన్ని సరిచేయలేదు. మామూలు పోర్టు నుంచి టైప్-సికి వెళ్లే కేబులునే వాడండి.

పవర్ బ్యాంకు ఆలోచన మానుకోండి. లిథియం సెల్లులను సాధారణంగా 45 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు, మన మే నెలలో మూసి ఉన్న కారు లోపల ఆ వేడి దాటడానికి ఎంతోసేపు పట్టదు.

ఆటోనగర్_వైరింగ్

పై మాటలతో ఏకీభవిస్తున్నాను. లైటర్ సాకెట్‌లో స్ప్రింగు ఒత్తిడి తప్ప మరో పట్టు ఉండదు కనుక, గతుకుల్లో ప్లగ్ కదిలి సరఫరా తెగడం కూడా మేము తరచుగా చూసేదే. ఫ్యూజ్ బాక్సు నుంచి ఇప్పించుకుంటే ఆ బెడద పోతుంది. కీ తిప్పినప్పుడే పవర్ వచ్చే ఫ్యూజ్ స్థానంలో ఫ్యూజ్ ట్యాప్ (పాత ఫ్యూజును ఉంచుతూనే అదనంగా ఒక తీగ తీసుకోనిచ్చే చిన్న అడాప్టరు) పెట్టి, అక్కడి నుంచి 12 వోల్టులను 5 వోల్టులు, 3 ఆంపియర్లుగా మార్చే బక్ కన్వర్టర్‌కు ఇవ్వాలి. కన్వర్టర్ స్క్రీన్‌కు దగ్గరగా ఉంటే సన్న కేబులు సమస్యా తగ్గుతుంది. ట్యాప్‌లో 3 ఆంపియర్ల ఫ్యూజ్ సరిపోతుంది. నెగటివ్ తీగను రంగు వేయని లోహం ఉన్న చోట బాడీ బోల్టుకు బిగించాలి.

ఇంజను నడుస్తున్నప్పుడు మనం 12 అని పిలిచే చోట నిజానికి 13.8 నుంచి 14.4 వోల్టుల వరకు ఉంటుంది. ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే యంత్రం) మీద భారం హఠాత్తుగా తొలగితే క్షణకాలం అంతకు ఎన్నో రెట్లు ఎగబాకుతుంది. అందువల్ల బొమ్మల ప్రాజెక్టుల కోసం అమ్మే డబ్బా లేని మాడ్యూలు కాకుండా, వాహనాలకని చేసిన, కనీసం 30 వోల్టులకు పైగా తట్టుకొనే మూసిన డబ్బా రకమే తీసుకోండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజను కంట్రోల్ ఫ్యూజుల జోలికి మాత్రం ఎవరు చెప్పినా వెళ్లవద్దు. కిటికీ పక్క పిల్లర్ మీదుగా తీగ లాగితే, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (కిటికీల మీదుగా తెరలా తెరుచుకొనేది) ఉన్న కార్లలో ఆ తీగ బ్యాగుకు అడ్డం పడకుండా దాని వెనుక నుంచి పోవాలి.

అద్దెకారు_ప్రయాణికుడు

వారంటీలో ఉన్న కారుకు, అద్దె కారుకు ఫ్యూజ్ ట్యాప్ సలహా సరికాదని నా అభిప్రాయం. పొట్టి మందపాటి కేబులు, బిగుతుగా కూర్చొనే ఒంటి పోర్టు చార్జరు చాలా మందికి చాలు. కారులో కంపెనీ ఇచ్చిన యూఎస్‌బీ పోర్టును మాత్రం నమ్మకండి. డేటా కోసం ఇచ్చిన పాత పోర్టుల్లో అర ఆంపియరు మాత్రమే వచ్చేవి చాలా ఉన్నాయి.

పాతకారు_హైదరాబాద్

అందరికీ ధన్యవాదాలు. కోఠి గుజరాతీ గల్లీలో యూఎస్‌బీ మీటరు కొని స్క్రీన్ వైపు కొసలో పెట్టి చూశాను. వెలుతురు తగ్గించినప్పుడు 4.7, పూర్తిగా పెంచినప్పుడు 4.3 వోల్టులు చూపింది, ఆ 4.3 దగ్గరే ఆరిపోతోంది. ఒకటిన్నర మీటర్ల 20 గేజ్ కేబులుకు మార్చాక అదే చార్జరుతో 4.9 దగ్గర నిలకడగా ఉంది. ఫోనుకు వేరే చార్జరు పెట్టాను. అయితే స్క్రీన్ నుంచి ఆక్స్ తీగ ద్వారా స్టీరియోకు వెళ్లే పాటల్లో, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఒక కూత పెరుగుతోంది. ఇది కూడా పవర్ లోపమేనా?

రిపేరు_బల్ల

యాక్సిలరేటర్‌తో పాటు పెరిగే కూత సాధారణంగా గ్రౌండ్ లూప్ వల్ల వస్తుంది: స్క్రీన్‌కు చార్జరు ద్వారా ఒక నెగటివ్, ఆక్స్ తీగ ద్వారా స్టీరియో వైపు నుంచి ఇంకొక నెగటివ్ అందుతున్నాయి, ఆ రెండింటి మధ్య ఆల్టర్నేటర్ అలజడి పాటలోకి దిగుతోంది. నిర్ధారించుకోవడానికి ఐదు నిమిషాలు స్క్రీన్‌ను పవర్ బ్యాంకు మీద నడిపి చూడండి (పవర్ బ్యాంకును నేను ఒప్పుకొనేది ఈ పరీక్షకు మాత్రమే). కూత ఆగిపోతే ఆక్స్ తీగ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ (రెండు నెగటివ్‌ల మధ్య నేరు కలయికను తెంచే చిన్న డబ్బా) పెట్టించుకోవచ్చు. చవకవాటిలోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పాటలోని బేస్ (లోతైన ధ్వని)ను కొంత తినేస్తాయి కాబట్టి, మీ స్టీరియోకు బ్లూటూత్ ఉంటే ముందు దాని ద్వారా పాటలు పంపి చూడండి.