వేరుశనగ గుళ్ళ కైమా ముద్దైపోతోంది, పలుకుగా రావాలంటే?

ప్రశ్న (కావలి): కార్తీకమాసంలో సమోసాల్లోకీ చపాతీల్లోకీ కైమా బదులు వేరుశనగ గుళ్ళతో చేస్తున్నా. పావుకిలో గుళ్ళు 2 గంటలు నానబెట్టి, నీళ్ళు వంచేసి మొత్తం ఒకేసారి మిక్సీలో వేస్తే సగం ముద్ద, సగం బద్దలు. తాలింపులో అడుగంటుతోంది, పచ్చివాసన పోవట్లేదు. సోయా వద్దు. జీడిపప్పు నూక కలిపితే బాగుపడుతుందా?

జవాబు (ఒంగోలు): ఉడకబెట్టకపోవడం ఒక తప్పు, తడి ఆరకముందే మిక్సీ వేయడం రెండోది. వేరుశనగ బరువులో దాదాపు సగం నూనే. బ్లేడు వేడికి అది బయటికొచ్చి పలుకుల్ని అతికించేస్తుంది, తడి కూడా తోడైతే ఇక చట్నీయే.

8 గంటలు నానబెట్టండి. నీళ్ళు మార్చి, గుళ్ళు మునిగేంత పోసి, అర చెంచా ఉప్పుతో కుక్కర్లో మధ్య సెగన 3 విజిల్స్. నొక్కితే విరగాలి, మెత్తగా నలగకూడదు. వార్చి, పొట్టు రుద్ది తీసేసి, గుడ్డ మీద అరగంట ఆరబెట్టి, ఫ్రిజ్‌లో గంట పెట్టండి. చల్లగా ఉంటే నూనె తొందరగా ఊరదు. ఆ తర్వాత గుప్పెడు గుప్పెడుగా చిన్న జారులో వేసి, గుబ్బని పల్స్ వైపు తిప్పి వెంటనే వదలండి, 5, 6 సార్లు చాలు. పెసరబద్దంత పలుకు రావాలి. రవ్వంత సన్నమైతే కూరలో కలిసిపోయి గ్రేవీ అవుతుంది. రోట్లో కచ్చాపచ్చాగా దంచితే ఇంకా మేలు, చెప్పినా ఎవరూ వినరనుకోండి.

వేటపాలెం నూకైనా సరే, జీడిపప్పు నానబెడితే వెన్నలా నలిగిపోతుంది. పొడిగానే నేతిలో వేయించి, దించేముందు ఓ గుప్పెడు కలపండి.

జవాబు (నెల్లూరు): రంగూ రుచీ మాంసానికి దగ్గరగా రావాలంటే అక్రోటే మేలండీ. 100 గ్రాములు వేడినీళ్ళలో 20 నిమిషాలుంచి ఆ గోధుమరంగు నీళ్ళు పారబోయాలి, వగరంతా పై పొరలోనే ఉంటుంది. ఉడకబెట్టక్కర్లేదు, తడారాక పలుకుగా కొట్టుకోవాలి. 200 గ్రాముల పుట్టగొడుగులు సన్నగా తరిగి, మూత పెట్టకుండా పెద్ద సెగన నీరంతా ఇగిరేదాకా వేయించి కలపండి. ఉప్పు చివర్లోనే. ముందే వేస్తే నీరు ఒక్కసారిగా ఊరి, వేగాల్సినవి ఉడికిపోతాయి.

ప్రశ్న (కావలి): అక్రోట్ల ధరకి మాంసమే నయంలా ఉంది! వేరుశనగలోనే పుట్టగొడుగులు కలపొచ్చా? ఉండలు చేస్తే విడిపోతాయేమో?

జవాబు (ఒంగోలు): నిక్షేపంగా కలపొచ్చు. మీ పావుకిలో గుళ్ళకి 200 గ్రాములు సరిపోతాయి. ఉల్లిపాయలు 2, అల్లంవెల్లుల్లి ముద్ద ఒక పెద్ద చెంచా, లవంగాలు 4, చెక్క అంగుళం, ధనియాలపొడి 2 చెంచాలు. నూనె 2 పెద్ద చెంచాలు దాటొద్దు, గుళ్ళలోది ఎలాగూ వస్తుంది. మసాలా పూర్తిగా వేగాకే పలుకులు వేసి 5 నిమిషాల్లో దించేయండి. ఈ నెలలో ఉల్లీవెల్లుల్లీ మానేవాళ్ళయితే ఇంగువ, సోంపు.

ఉండలకైతే ఒక కప్పు పలుకుకి 2 పెద్ద చెంచాల పుట్నాలపొడి, ఉడికించిన ఆలుగడ్డలో సగం. గట్టిగా పిసికి 20 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, ముందు ఒక్కటే వేసి చూడండి. నూనె కాగకముందే వేస్తే అంతా పీల్చుకుని పగిలిపోతాయి. కాగాక వేసినా విడిపోతుంటే ఇంకో చెంచా పొడి.

జవాబు (నెల్లూరు): ఒక్క జాగ్రత్త. ముడుచుకుపోయినవి, బూజు పట్టినవి, రంగు మారినవి నానబెట్టకముందే ఏరేయండి. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కుక్కర్లో ఉడికించినా పోదు. కైమా కాస్త దండిగా కనబడుతుందని గానుగలో నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క కలపొద్దు, పశువుల కోసం అమ్మే చెక్కలో ఆ ఏరివేతంటూ ఉండదు. చేసింది ఫ్రిజ్‌లో 2 రోజులుంటుంది. మక్కు వాసన వస్తే మాత్రం మళ్ళీ వేడిచేసి లాభం లేదు, పారేయడమే.