బాల్కనీలో పెరిగిన పుంజుని ఊళ్లో కోళ్లతో ఎలా కలపాలి?

విజయవాడ అమ్మ:
నాలుగు నెలల కిందట జాతరలో మా పాప మారాం చేస్తే మూడు రంగు కోడిపిల్లలు కొన్నాం. పచ్చది, నీలంది వారం తిరక్కుండానే పోయాయి. గులాబీ రంగుది మాత్రం అట్టపెట్టెలో బల్బు వెచ్చదనంలో బతికి, రంగంతా పోయి తెల్ల ఈకలొచ్చి ఇప్పుడు పుంజైంది. పేరు బుజ్జి. రాత్రి వాషింగ్ మెషీన్ మీద పడుకుంటాడు, నేను బియ్యం కడుగుతుంటే వచ్చి నా పాదం మీద నిలబడతాడు, కుక్కర్ విజిల్ వేస్తే మెడ సాచి వాడూ కూస్తాడు. పది రోజులుగా తెల్లవారుజామున నాలుగింటికే మొదలుపెడుతున్నాడు, ఇంటి ఓనరుగారు రెండుసార్లు వచ్చి చెప్పారు. భీమవరం దగ్గర మా అమ్మవాళ్ల పెరట్లో తొమ్మిది నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. అక్కడికి పంపుదామంటే నాకు ఒకటే టెన్షన్, ఆ రెండు పిల్లలు పోయాక వీడు ఇంకో కోడి ముఖమే చూడలేదు, తిన్నగా తీసుకెళ్లి వదిలేస్తే పొడిచి చంపేస్తాయేమో. అమ్మేమో "కోళ్లే కదా, అవే సర్దుకుంటాయి" అంటోంది. కూరకిచ్చేయమని మాత్రం ఎవరూ చెప్పకండి, ప్లీజ్.

గోదారి పెరడు:
అన్నిటికంటే ముందు ఒకటి చెప్పండమ్మా, అమ్మగారింట్లో ఉన్న పుంజు ఏ రకం? భీమవరం అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మామూలు నాటు పుంజైతే నాలుగు దెబ్బలు కొడుతుంది, మీవాడు తల దించుకుని పక్కకు తప్పుకుంటే వదిలేస్తుంది. అసీల్ రక్తం ఉన్న పందెం పుంజైతే ఓడి పారిపోతున్నా వదలదు. ఆ రంగు పిల్లలు చాలావరకు గుడ్ల కోళ్ల హేచరీల్లో మిగిలిన మగపిల్లలు, తెల్ల లెగ్‌హార్న్ రకం. గుడ్లు పెట్టవు, మాంసం పట్టవు, అందుకే రంగులద్ది అమ్మేస్తారు. ఒళ్లు తేలిక, తురాయి పెద్దది, ఒక్క పోటు పడితే రక్తం ధారగా కారుతుంది, ఆ ఎరుపు చూసి పెట్టలు కూడా మీద పడతాయి.

నాటు పుంజే అయితే పెరట్లో ఒక మూల ఇనప జాలీతో చిన్న గది కట్టించి రెండు వారాలు వీణ్ని అందులో ఉంచండి. కోళ్లు చుట్టూ తిరగాలి, చూసుకోవాలి, అంతే, ముక్కు అందకూడదు. మేమైతే గంప కిందే పెట్టేవాళ్లం, కానీ గంప సందుల్లోంచి తల బయటపెట్టి ఒకసారి మా పుంజు కన్ను పోగొట్టుకుంది, అప్పట్నుంచి జాలీయే. తర్వాత చీకటి పడ్డాక గూట్లో పెట్టల పక్కన కూర్చోబెట్టండి. మేత, నీళ్లు రెండు మూడు చోట్ల పెట్టాలి, లేకపోతే కొత్తవాణ్ని తిననివ్వవు. దెబ్బ తగిలితే వెంటనే విడదీసి, పసుపు, వేపనూనె కలిపి రాయండి.

పశువుల మందులవాడు:
పైన అన్నీ బాగా చెప్పారు, కానీ దానికి ముందు టీకా. రోడ్డు మీద అమ్మే పిల్లలకు టీకాల మీద ఎవరూ ఖర్చు పెట్టరు. ఊరి కోళ్లలో కొక్కెర తెగులు (రాణిఖేత్ అంటారే, అది) ఉంటే మీవాడు మూడు రోజుల్లో పోతాడు, లేదా వీడి నుంచే ఏదో ఒకటి అక్కడి తొమ్మిదింటికీ అంటుకుంటుంది. ఎనిమిది వారాలు దాటాడు కాబట్టి ఆ తెగులుకి వేసే ఆర్‌టుబి టీకా వేయించండి, అర మిల్లీలీటరు, చర్మం కింద. ప్రభుత్వ పశువైద్యశాలలో అడగండి. సీసాలో వందో, అంతకంటే ఎక్కువో డోసులుంటాయి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, అందుకే ఒక్క కోడికి సీసా విప్పరు, వేరేవాళ్ల కోళ్లు వచ్చే రోజు కనుక్కుని వెళ్లండి. నట్టల మందు కూడా పట్టించండి. టీకా వేయించాక మూడు వారాలు ఆగి అప్పుడు తీసుకెళ్లండి. లేయర్ మేత, అంటే గుడ్లు పెట్టే కోళ్లకు వేసేది, కొనొద్దు, అందులో కాల్షియం ఎక్కువ, ఎదిగే పుంజుకి కిడ్నీలు పాడవుతాయి.

సిద్దిపేట అక్క:
నేను చెప్పేది పాప గురించి. చేతుల్లో పెరిగిన పుంజుకి మనిషంటే భయం ఉండదు, అయిదారు నెలలొచ్చేసరికి మనల్నీ తన మందలో కోళ్లే అనుకుంటుంది. మా ఇంట్లోనూ ఒకడు ఇట్లనే పెరిగాడు, రెక్క ఒకటి కిందికి దించి నా కాళ్ల చుట్టూ పక్కవాటుగా తిరుగుతుంటే ముద్దుగా ఉందని వీడియో తీశాను. నెల తర్వాత మా బాబు కింద కూర్చుని ఆడుకుంటుంటే ఎగిరి ముఖం మీద తన్నాడు, కనుబొమ్మ మీద రెండు కుట్లు పడ్డాయి. కాబట్టి ఇప్పటినుంచే చేతిలో తినిపించడం, ఒళ్లో పెట్టుకోవడం తగ్గించండి, పాపను వాడి ముందు కింద కూర్చోనివ్వకండి. కొట్టొద్దు, కొడితే ఇంకా పంతం పడతాడు. అన్నం, మిక్చర్ బదులు నూకలు, జొన్నలు, ఆకుకూర తుంపులు అలవాటు చేయండి. ఇంకోటి, బాల్కనీలో పెరిగినవాడికి గద్ద అంటే తెలియదు, పైగా తెలుపు, దూరం నుంచే కనబడతాడు. మొదటి నెల జాలీ కిందే ఉండనివ్వండి.

విజయవాడ అమ్మ:
అమ్మకి ఫోన్ చేసి అడిగాను. అక్కడి పుంజు డేగ రకం అట, మా బాబాయి తెచ్చి పెట్టిన పందెం పుంజట, పగలంతా కాలికి తాడు కట్టి ఉంచుతారట, సాయంత్రం వదులుతారట. వింటుంటే చేతులు చల్లబడ్డాయి. మా పెద్దమ్మ ఇంట్లో ఆరు పెట్టలున్నాయి, పుంజు లేదు, ఆవిడ తెమ్మంటోంది. అక్కడైతే పర్వాలేదా?

గోదారి పెరడు:
ఇక ఆలోచించకండి, పెద్దమ్మగారింటికే. ముదురు పెట్టలు మొదట్లో వీణ్ని తరుముతాయి, తరమనివ్వండి, కోడి బతుకు ఎలాగో వాడికి నేర్పేది అవే. రక్తం కనబడితేనే కలగజేసుకోండి. గూట్లో పెట్టిన మర్నాడు తెల్లారకముందే మీరు తలుపు దగ్గర ఉండండి, మొదటి అరగంట చూసి తీరాలి.

విజయవాడ అమ్మ:
శనివారం వేరేవాళ్లు కోళ్లు తెస్తున్నారట, టీకాకి ఆరోజే రమ్మన్నారు. పాప అట్టపెట్టెకి గాలి కోసం కన్నాలు పెడుతోంది.