అప్‌డేట్: అమ్మాయి షూటింగ్ శిక్షణ

బెంగళూరులో పన్నెండేళ్ల మా అమ్మాయికి ఎయిర్ రైఫిల్ నేర్పే మంచి శిక్షకుణ్ణి ఎలా ఎంచుకోవాలని మూడు నెలల క్రితం మిమ్మల్ని అడిగాను. గోడ మీది పతకాలను కాకుండా, రైఫిల్ చేతికిచ్చే ముందు ఏం చెబుతారో చూడమని ఒకరు ఇచ్చిన సలహాయే చివరికి అక్కరకు వచ్చింది.

మొదట వెళ్లిన చోట రుసుము కట్టిన పది నిమిషాలకే రైఫిల్ ఇచ్చేశారు. పక్క లేన్‌లో ఒకరు గురి చూస్తూండగానే మరొకరు టార్గెట్ కాగితం మార్చడానికి ముందుకు నడిచి వెళ్లడం కళ్లారా చూసి, కట్టిన డబ్బు పోతే పోయిందని వచ్చేశాం.

ఇప్పటి కోచ్ గారు మొదటి రెండు వారాలు పెల్లెట్ (ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న గుండు) ముట్టుకోనివ్వలేదు. ఖాళీ రైఫిల్ గొట్టం మీద రూపాయి బిళ్ల నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కమనేవారు. పడినప్పుడల్లా కన్నడంలో “నిధాన” అనేవారు, మన నిదానమే! పది మీటర్ల దూరంలో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటరే, పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు; గుండు కన్నా చుక్కే చిన్నది, రైఫిల్ కాస్త కదిలినా గురి తప్పుతుంది కనుక ఆ సాధన ఎందుకో నాకూ అర్థమైంది. రైఫిల్ కింద పెట్టగానే గొట్టంలో సేఫ్టీ ఫ్లాగ్ (రైఫిల్ ఖాళీగా ఉందని అందరికీ కనబడేలా పెట్టే రంగు తీగ) దూర్చడం అమ్మాయికి అలవాటైపోయింది.

సొంత రైఫిల్ కొంటామంటే, ఎదిగే పిల్లకు ఏడాది ఆగమని ఆయనే వారించారు. మందుగుండు తూటాలతో పేలే .22 రైఫిల్ మాటెత్తితే, దానికి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాలని, ఇప్పుడు ఆ ఊసే వద్దని తేల్చేశారు.