అప్‌డేట్: వెస్ట్, వెస్ట్ గొడవ ఏమైందంటే

పోయిన నెల అడిగాను కదా, ఇంగ్లిష్‌లో పడమర అనే వెస్ట్, బనియన్ లాంటి వెస్ట్ రెండూ నాకు ఒకేలా వినిపిస్తున్నాయి, చెవుల డాక్టర్‌కి చూపించుకోవాలా అని. అక్కర్లేదట. మన ‘వ’ ఒక్కటే, ఇంగ్లిష్ వాళ్లకి రెండు (w, v), చిన్నప్పటి నుంచి ఆ తేడా పట్టించుకునే పని పడలేదు కాబట్టి మెదడు రెండింటినీ ఒకే డబ్బాలో వేసేస్తోంది (ఇక్కడ రాస్తుంటేనే చూడండి, రెండూ ‘వెస్ట్’!).

ఒకరు చెప్పినట్టు ఒకే గొంతు కాకుండా ఆడ, మగ, పిల్లలు, రకరకాల గొంతులు విని, రెండింట్లో ఏ వెస్ట్ అన్నారో నొక్కి, తప్పో ఒప్పో వెంటనే చూసుకునే యాప్ పట్టుకున్నాను. 1991లో జపాన్ వాళ్లకి ఇంగ్లిష్ ర, ల తేడా ఇలాగే చాలా గొంతులతో నేర్పి చూశారట, తర్వాత 1997లో వినడం నేర్చుకున్నవాళ్ల ఉచ్చారణ కూడా మెరుగైందని తేలింది.

మొదటి రోజు 40కి 22. గుడ్డిగా నొక్కినా 20 వస్తాయి! మూడు వారాలకి 33, అంతకుముందు వినని గొంతులతో 30. మా అమ్మాయి అద్దం ముందు నిలబెట్టి, బనియన్ వెస్ట్‌కి పై పళ్లు కింది పెదవికి తగలాలి నాన్నా, పడమర వెస్ట్‌కి ఈల వేసేటట్టు పెదాలు గుండ్రంగా పెట్టు అని చూపించింది, అప్పటి నుంచి వీడియో కాల్‌లో అందరి పెదాలే చూస్తున్నాను.

ఫోన్‌లో మాత్రం ఇంకా బోల్తా పడుతున్నా.