అనెక్సిన్ స్టెయినింగ్: మందు వెయ్యని కణాలు కూడా పాజిటివ్ వస్తున్నయి

అడిగినవారు, హనుమకొండ:
హీలా కణాలకు (ల్యాబుల పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) స్టారోస్పోరిన్ (కణాలను చంపే మందు) 1 మైక్రోమోలార్, 4 గంటలు ఇస్తున్నం. ట్రిప్సిన్-ఈడీటీఏతో (కణాలను అడుగు నుంచి ఊడదీసే ద్రావణం) లేపి, పీబీఎస్‌తో (ఉప్పు బఫర్) ఒకసారి కడిగి, అనెక్సిన్-వి ఎఫ్‌ఐటీసీ (చస్తున్న కణాన్ని పట్టుకునే ప్రోటీన్‌కు ఆకుపచ్చ వెలుగు రంగు తగిలించింది), పీఐ (పొర చినిగిన కణంలకే పోయే ఎర్ర వెలుగు రంగు) వేసి, ఐస్‌ల పెట్టుకొని కాజీపేటల రైలెక్కి సికింద్రాబాద్ పోతున్నం. అక్కడ సైటోమీటర్ల (ఒక్కో కణం వెలుగును కొలిచే మిషన్) చూస్తే కంట్రోల్ కణాలు (మందు వెయ్యనివి) సగం దాకా డబుల్ పాజిటివ్ (రెండు రంగులూ పట్టినవి). మందు వేసినవాట్ల అనెక్సిన్ సిగ్నల్ మసకగా ఉంది. ఎక్కడ తప్పుతున్నం అన్నా?

జవాబు:
ఇవి రెండు వేరే తప్పులు తమ్మీ. మసక సిగ్నల్‌కు కారణం కాల్షియం. కాల్షియం లేకుంటే అనెక్సిన్ ఫాస్ఫటిడిల్‌సెరీన్‌ను (మామూలుగా పొర లోపలి వైపు ఉండి, కణం చచ్చేటప్పుడు బయటికొచ్చే కొవ్వు) పట్టుకోదు; మిగిలిన ఈడీటీఏ ఆ కాల్షియాన్నే లాక్కుంటది. సీరం ఉన్న మీడియంతో ట్రిప్సిన్ ఆపి, 300 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పి, పీబీఎస్‌తో రెండుసార్లు, చివరికి బైండింగ్ బఫర్‌తో ఒకసారి కడుగు. బఫర్: హెపీస్ 10, ఉప్పు 140, కాల్షియం క్లోరైడ్ 2.5 మిల్లీమోలార్, పీహెచ్ 7.4. లక్ష కణాలు 100 మైక్రోలీటర్లల తీసుకొని రెండు రంగులూ కిట్ చెప్పినంత, మామూలుగా 5 మైక్రోలీటర్ల చొప్పున, వేసి 15 నిమిషాలు చీకట్ల పెట్టు. కిట్ల "గది ఉష్ణోగ్రత" అంటే 20–25 డిగ్రీలు, మే నెలల మన గది కాదు. తర్వాత కడగకుండా 400 మైక్రోలీటర్ల బఫర్ కలిపి గంటలోపు చూసెయ్యాలె.

కంట్రోల్ చెడేది రైలుల. లేపిన కణాలు బఫర్‌ల అంతసేపు ఉంటే వాటంతటవే చస్తయి. ఫ్లాస్కును మీడియంతో గొంతు దాకా నింపి, మూత బిగించి, కణాలు అతుక్కొని ఉన్నట్టే తీసుకపో. మందు, ట్రిప్సిన్, స్టెయిన్ అన్నీ అక్కడనే.

పాత మీడియం పారబోస్తున్నరా? తేలినవే చస్తున్న కణాలు, వాటినీ కలుపుకోవాలె.

ఇంకో జవాబు:
డబుల్ పాజిటివ్ అనంగనే అపాప్టోసిస్ (కణం తనంతట తాను పద్ధతిగా చచ్చుడు) అని రాయకుండ్రి. పొర చినిగితే అనెక్సిన్ లోపలికి పోయి లోపలి పొరలున్న ఫాస్ఫటిడిల్‌సెరీన్‌ను పట్టుకుంటది. 1, 2, 4 గంటలకు చూడుండ్రి: ముందు అనెక్సిన్ ఒక్కటే వచ్చి, ఆనక పీఐ రావాలె. జడ్-వ్యాడ్ (అపాప్టోసిస్ నడిపే ఎంజైములను ఆపే మందు) ఇస్తే ఆ సిగ్నల్ తగ్గాలె.

అడిగినవారు:
లిపిడ్ ఆక్సీకరణ (పొరల కొవ్వు ఆక్సిజన్‌తో చెడుడు) కూడా అదే ట్యూబుల చూడొచ్చా?

ఇంకో జవాబు:
సీ11-బాడిపీ (దాన్ని చూపే రంగు) ఆక్సీకరణ అయితే 590 నానోమీటర్ల దగ్గరి వెలుగు 510 దగ్గరికి జరుగుతది. ఆ రెండు చోట్లా ఎఫ్‌ఐటీసీ, పీఐ అడ్డమొస్తయి. కాబట్టి ఎర్ర లేజర్ ఉంటే ఏపీసీ (ఆ లేజర్‌తో వెలిగే రంగు) అనెక్సిన్ వాడి, ఆ ట్యూబుల పీఐ వెయ్యకుండ్రి, లేకుంటే వేరే ట్యూబు. ఏదైనా సరే, రంగు వెయ్యని ట్యూబు, ఒక్కొక్క రంగు ట్యూబులు తప్పవు. ఇంకొకటి కూడా పెట్టుండ్రి: అనెక్సిన్ వేసినదాంట్ల 5 మిల్లీమోలార్ ఈడీటీఏ కలపండి. సిగ్నల్ పోకుంటే అది ఫాస్ఫటిడిల్‌సెరీన్‌ది కాదు, ఊరికే అంటుకున్న రంగు.