అమ్మకి నడుము ఎంఆర్‌ఐ రాశారు, లోపల ఎలా ఉంటుంది?

కృష్ణాతీరం: అమ్మకి నడుము నొప్పి కాలి దాకా లాగుతోందని డాక్టరు గారు ఎంఆర్‌ఐ రాశారు. ఆవిడకి లిఫ్ట్ ఎక్కాలన్నా భయమే, ఇక ఆ గొట్టంలో ఎలా పడుకుంటుందో అని నాకు టెన్షన్. రేడియేషన్ ఉంటుందా? మంగళసూత్రం తీయనంటోంది, ఏం చేయాలి?

స్కానింగ్‌టెక్నీషియన్: రేడియేషన్ లేదండీ, ఎక్స్‌రే, సీటీ వేరు, ఇది అయస్కాంతంతో తీసేది. స్కాన్ జరగనప్పుడు కూడా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది, అందుకే గాజులు, మెట్టెలు, పిన్నీసులు, వినికిడి యంత్రం అన్నీ బయటే వదలాలి. బంగారాన్ని లాగదు గానీ గొలుసు కొక్కెం దేంతో చేశారో ఎవరికి తెలుసు, ఆ పూటకి ఉత్త పసుపుతాడు కట్టుకుని రమ్మనండి. గుండెకి పేస్‌మేకర్ (గుండె కొట్టుకోవడాన్ని సరిచేసే యంత్రం) ఉంటే మాత్రం ముందే చెప్పి తీరాలి.

రాత్రిబండి: ఈమధ్యే నాకూ నడుముకే తీశారు, అరగంట లోపే అయిపోయింది. చప్పుడు మాత్రం మామూలుగా ఉండదు, పక్కింట్లో గ్రానైట్ కోస్తున్నట్టు బర్రుమని మోగి, ఆగి, మళ్లీ మొదలు! చెవుల్లో పెట్టుకోవడానికి ఇస్తారు లెండి. చేతికి రబ్బరు బంతి లాంటిది ఇస్తారు, నొక్కితే స్కాన్ తీసేవాళ్లు పలుకుతారు, ఆపమంటే ఆపుతారు. లోపలికి పంపకముందే కళ్లు మూసుకోమనండి.

కృష్ణాతీరం: ఇంజెక్షన్ కూడా ఇస్తారంట కదా?

స్కానింగ్‌టెక్నీషియన్: మామూలు నడుము నొప్పికి చాలాసార్లు అక్కర్లేదు. గడ్డ, ఇన్ఫెక్షన్ అనుమానం ఉంటే బొమ్మ ఇంకా స్పష్టంగా రావడానికి గాడోలినియం అనే మందు ఎక్కిస్తారు, కిడ్నీ జబ్బుంటే ముందే చెప్పండి. కదిలితే బొమ్మ చెడి మళ్లీ తీయాల్సొస్తుంది. తోడుగా గదిలో ఉంటానని అడిగి చూడండి, కానీ మీ ఫోను, తాళాలు, బెల్టు కూడా బయటే.