మిద్దె మీద నుంచి గురుడి ఫొటో తీయొచ్చా, ఊరు దాటాల్సిందేనా?

కొర్లగుంట_మిద్దె:
నిన్న రాత్రి పదకొండు తర్వాత తీసిన గురుగ్రహం పైన పెట్టాను, చూడండి. మన గ్రూపు 8 అంగుళాల అద్దం టెలిస్కోపు (డాబ్సోనియన్), బొమ్మని రెండింతలు చేసే 2ఎక్స్ బార్లో కటకం, నా రంగుల కెమెరా. ఒక్కో ఫ్రేము 7 మిల్లీసెకన్లు, సెకనుకు 140 దాకా పడ్డాయి. ఫైర్‌క్యాప్చర్‌తో వీడియో తీసి, ఆటోస్టాకర్ట్‌లో బాగున్న 15 శాతం ఏరి కలిపి, రెజిస్టాక్స్‌లో కాస్త పదును పెట్టాను. రెండు పట్టీలూ తెలుస్తున్నాయి, ఆ పెద్ద తుఫాను, ఎర్రమచ్చ కూడా వచ్చింది. ఇన్ని లైట్లున్న ఊళ్లోంచి! గ్రహాలకి చీకటి ఆకాశం అక్కర్లేదని నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నా. హార్స్‌లీ కొండ ఎక్కాలి, పల్లెకి పోవాలి అనేవాళ్లు ఇప్పుడేమంటారు?

బైరాగిపట్టెడ_బాబు:
సూపర్ అన్నా. డీపీ పెట్టుకుంటా.

పాకాల_సార్:
బొమ్మ బాగుంది నాయనా. కానీ కుడి అంచు పెద్దది చేసి చూడు. సన్నగా తెల్లగీత, దాని లోపల ఒక నల్లగీత. అవి గురుడి మీద లేవు, నీ కంప్యూటర్లో పుట్టాయి. గాలి కుదురుగా లేని రాత్రి తీసి, లేని వివరం కోసం పదును లాగితే అంతే. లైట్ల సంగతి నేనెప్పుడూ ఎత్తలేదు, నేననేది వేడి గురించి. పగలంతా కాగిన కాంక్రీటు అర్ధరాత్రి దాకా సెగ వదులుతుంది. పైగా పక్కింటి ఏసీ బయటి డబ్బా నీ పిట్టగోడకి ఎదురుగానే ఉంది, నేను కళ్లారా చూశాను.

కొర్లగుంట_మిద్దె:
జనవరిలో ఏసీ ఎవరు వేస్తారు సార్?

మా మిద్దెకి వేసవిలోనే తెల్ల కూలింగ్ పెయింట్ కొట్టించాం. టెలిస్కోపు ఎనిమిదికే బయట పెట్టి, అద్దం వెనక చిన్న ఫ్యాన్ తిప్పి చల్లారనిచ్చాను. అన్నిటికన్నా ముఖ్యం ఎత్తు. గురుడు ఇప్పుడు మిథునంలో, పునర్వసు జంట దగ్గర ఉన్నాడు. మన తిరుపతి అక్షాంశం 13.6 డిగ్రీలు కాబట్టి నడినెత్తికి ఎనిమిది తొమ్మిది డిగ్రీల దూరంలో దాటుతున్నాడు. లండన్‌లో ఇదే గురుడు 60 డిగ్రీల దగ్గర ఆగిపోతాడు. అంత నిటారుగా చూస్తే మధ్యలో ఉండే గాలి తక్కువ, రంగులు అంచుల్లో చీలడమూ తక్కువ.

ఇంకోటి. 2009 జులై 19న గురుడి మీద ఏదో గుద్దుకున్న నల్లమచ్చని మొదట పట్టింది ఆస్ట్రేలియాలో ఆంథోనీ వెస్లీ. ఆయన వృత్తి ఖగోళ శాస్త్రజ్ఞుడు కాదు, కొండలెక్కలేదు, ఇంటి దగ్గర పెట్టుకున్న టెలిస్కోపుతోనే పట్టాడు. నాసా వాళ్లు ఆ తర్వాతే తమ పెద్ద టెలిస్కోపు తిప్పి చూశారు.

మదనపల్లె_మంచు:
హార్స్‌లీ కొండ మీద రాత్రి చలికి వేళ్లే కదలవు, ఫోకస్ ఏం తిప్పుతారు. ఎవరూ రావద్దు, మాకు వదిలేయండి.

పాకాల_సార్:
వెస్లీది 14.5 అంగుళాల అద్దం. ఆయన ఉన్నది కాన్‌బెర్రా బయట ఒక పల్లెలో. చుట్టూ పొలాలు, నీ కొర్లగుంట సందులు కావు. అంటే నువ్వు చెప్పిన ఉదాహరణ నా వైపే మాట్లాడుతోంది.

కావలూరు వేధశాలని జవాది కొండల్లో ఎందుకు కట్టారు? మద్రాసులో మిద్దెలు లేకనా? 1977 మార్చిలో యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డంగా దాటినప్పుడు, ఉంగరాల జాడ అక్కడి ఒక మీటరు టెలిస్కోపుకి కూడా చిక్కింది.

కొర్లగుంట_మిద్దె:
అది ఫొటో కాదు సార్, నక్షత్రం వెలుగు ఎంత తగ్గిందో కొలిచారు. వేరే పని. దానికీ ఏసీ డబ్బాకీ ఏం సంబంధం?

పాకాల_సార్:
అంటే డబ్బా ఉందని ఒప్పుకున్నట్టే కదా.

బైరాగిపట్టెడ_బాబు:
😂😂

చిత్తూరు_చుక్క:
ఇద్దరూ సగం సగం చెబుతున్నారు. గాలి ఆటంకం ఒక చోట ఉండేది కాదు, పొరలు పొరలుగా ఉంటుంది. పై పొర మీద మనకి అధికారం లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా 14, 15 కిలోమీటర్ల ఎత్తులో తూర్పు నుంచి వచ్చే జెట్ గాలి సరిగ్గా మన నెత్తి మీదుగా పోతుంది. గాదంకిలో పై గాలుల్ని గమనించే ఎంఎస్‌టీ రాడార్ కొలిచేవాటిలో అదీ ఒకటి. ఆ నెలల్లో మేఘం విడిచినా శని వీడియో తెర మీద ఎసట్లో నీళ్లు మరిగినట్టు కదులుతుంటుంది. అప్పుడు పాకాలైనా కొర్లగుంటైనా ఒకటే. ఇప్పుడు జనవరిలో పైన నెమ్మదిగా ఉంది కాబట్టి కింద పొర, అంటే మిద్దె వేడి, గోడలు, అద్దం చల్లారడం, వీటి వల్లే తేడా వస్తుంది.

అంచు గీతల గురించి సార్ చెప్పింది కొంతవరకే నిజం. మంచి గాలిలో కూడా ప్రకాశవంతమైన అంచు దగ్గర అద్దం పరిమాణం వల్ల ఒక వలయం పుడుతుంది, పదును పెడితే అది పైకి తేలుతుంది. అది చూసి మిద్దె మంచిదా చెడ్డదా అని తేల్చలేం. తేల్చాలంటే ఒకే రాత్రి రెండు చోట్లా తీయాలి. మన గ్రూపుకి ఉన్నది ఒకే టెలిస్కోపు.

పాకాల_సార్:
అమ్మాయి బాగా చెప్పింది. అయితే వచ్చే వారం పాకాలకి పంపండి. మా తోటలో పెడదాం, చుట్టూ మట్టి నేల. తేలిపోతుంది.

కొర్లగుంట_మిద్దె:
వచ్చేసింది, అసలు మాట వచ్చేసింది. మూడు రోజులుగా అంచు గీత, ఏసీ డబ్బా, కావలూరు అంటూ తిప్పింది దీనికోసమేగా! పోయిన ఏడాది అడిగితే ఇచ్చాను. తిరిగొచ్చేసరికి గురి చూసే ఫైండర్ వంగి ఉంది, అద్దం వెనక దాన్ని సరిగ్గా నిలిపే కొలిమేషన్ మర ఒకటి లేదు. ఎవరో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పారు. అది సరిచేసుకోడానికి నేను పడ్డ తిప్పలు ఎవరైనా అడిగారా? కెమెరా నా జీతంతో కొన్నా. బార్లో నాది. లాప్‌టాప్ నాది.

పాకాల_సార్:
టెలిస్కోపు నీదా?

అందరం చందాలు వేసుకుని కొన్నాం. వినాయక చవితి నుంచి అది నీ మిద్దె దిగలేదు. మర పోయిందంటే పోయింది, కొత్తది వేయిస్తానని అప్పుడే చెప్పాను, నువ్వు వద్దన్నావు. సంక్రాంతి సెలవుల్లో మా హైస్కూలు పిల్లల్ని ఆటో కట్టించుకుని నీ ఇంటికి తెచ్చాను. గంటన్నర ఉన్నారు. ఒక్కరి కన్నయినా ఐపీస్‌కి ఆనిందా? కెమెరా బిగించి ఉంది, తీస్తే ఫోకస్ పోతుందన్నావు. అందరినీ లాప్‌టాప్ ముందు నిలబెట్టావు. ఏడో తరగతి పిల్ల ఒకతె నన్ను పక్కకి పిలిచి అడిగింది, ‘సార్, ఇది యూట్యూబ్‌లో కూడా వస్తుంది కదా’ అని. నేనేం చెప్పాలి?

బైరాగిపట్టెడ_బాబు:
అయ్యో.

కొర్లగుంట_మిద్దె:
కెమెరా ఎందుకు తీయలేదో కూడా చెప్పనివ్వండి. గురుడు 9 గంటల 55 నిమిషాల్లో ఒక చుట్టు తిరుగుతాడు. రెండు నిమిషాల్లో నడిమధ్య ఉన్న మచ్చ అర ఆర్క్‌సెకను (డిగ్రీలో 7,200వ వంతు) దాకా జరుగుతుంది, మన 8 అంగుళాల అద్దం విడదీయగలిగేదీ ఇంచుమించు అంతే. అందుకే వీడియో రెండు నిమిషాలకి మించకూడదు. మనది మోటారు లేని డాబ్సోనియన్, గురుడు అర నిమిషంలో కెమెరా చిప్ దాటిపోతాడు, చేత్తో నెట్టుకుంటూ ఉండాలి. నడినెత్తి దగ్గర అది ఎంత మొండికేస్తుందో పట్టుకున్నవాడికే తెలుస్తుంది. ఆ రాత్రి ఎర్రమచ్చ సరిగ్గా మధ్యకి వచ్చింది. నెల రోజులుగా కాచుకున్న రాత్రి అది.

చిత్తూరు_చుక్క:
అన్నా, వీడియో రెండు నిమిషాలే కదా. పిల్లలు ఉన్నది గంటన్నర.

కొర్లగుంట_మిద్దె:
నువ్వూనా చెల్లీ.

పాకాల_సార్:
నేను ఫొటోలకి వ్యతిరేకిని కాను. నీ బొమ్మ మా స్టాఫ్‌రూంలో ప్రింట్ తీసి పెట్టాను, అడుగు ఎవర్నైనా. కానీ చందా వేసింది ఒకడి కెమెరాకి స్టాండు కొనడానికి కాదు. 

గ్రూపు_అడ్మిన్:
పర్సనల్‌గా పోవద్దు. కెమెరా రాత్రులు వేరు, ఐపీస్ రాత్రులు వేరు అని పెట్టుకుంటే సరిపోతుందేమో ఆలోచించండి. తప్పదు కాబట్టి చెబుతున్నా, టెలిస్కోపు రిజిస్టరులో సంతకాలు చవితి నుంచి లేవు.

కొర్లగుంట_మిద్దె:
సరే. శనివారం తీసుకెళ్లండి. ఐపీస్‌లు రెండూ డబ్బాలో పెడతా. మూడు షరతులు: అద్దం వెనక మరలు ఎవరూ ముట్టకూడదు, ఆటోలో పడుకోబెట్టి తీసుకుపోకూడదు, ఆదివారం పొద్దున కల్లా నా మిద్దె మీద ఉండాలి.

పాకాల_సార్:
మొదటి రెండూ ఒప్పుకుంటాను. మూడోది ఒప్పుకోను. ఆదివారం రాత్రి కూడా పిల్లలు వస్తారు. పైగా ‘నా మిద్దె’ ఏమిటి, మన గ్రూపు వస్తువు ఎక్కడుండాలో నువ్వు ఒక్కడివే ఎలా రాస్తావు?

కొర్లగుంట_మిద్దె:
సోమవారం రాత్రి గురుడి ఉపగ్రహం అయో నీడ గురుడి మీద పడుతుంది సార్, ముందుగా అద్దం సరిచూసుకోవాలి!

మదనపల్లె_మంచు:
మేమూ చందా వేశాం, గుర్తుందా?

బైరాగిపట్టెడ_బాబు:
ఆటోలో వద్దంటే మా బావ టాటా ఏస్ ఉంది. నిలబెట్టి తాళ్లు కట్టొచ్చు. పాకాల దాకా డీజిల్ డబ్బులు ఎవరిస్తారో ముందు చెప్పండి.